పాటల పెట్టెలోని అరలు

జేబులో ఇమిడిపోవు ఎమ్.పి.3 సంగీత యంత్రములు 1998వ సంవత్సరములో బజారులోనికి వచ్చినవి. ఆ ఏట అమెరికాలో అమ్మకమునకు వచ్చిన రియో పి.ఎమ్.పి.300 అను యంత్రములో 32 మెగాబైట్ల చోటు మాత్రమే ఉండెడిది. ఎనిమిది పాటలు పట్టుటయే గగనము. మూడేండ్లు తిరుగకమునుపే, 2001 అక్టోబరు 23వ తేదీన ఆపిల్ కంపెనీవారు ఐపాడ్‌ను ప్రకటించిరి. అందులో 5 గిగాబైట్ల హార్డు డిస్కు ఉన్నది. వేయి పాటలు జేబులో వేసికొని తిరుగవచ్చునని వారు చాటిరి. ఆ వరుసకు 2022 మే నెలలో ఆ కంపెనీవారే స్వస్తి చెప్పిరి. ఇప్పుడు పాటలు వినుటకు చేతిలోని ఫోను చాలును గదా.

ఐనను ఆ పాత యంత్రములు ఎందరి ఇండ్లలోనో బీరువా సొరుగులలో ఇప్పటికిని పడియున్నవి. వాటిలో బజారులో దొరకు పాటలే కాదు, మరెక్కడను దొరకనివి కూడ ఉండవచ్చును: తాతగారు చదివిన భాగవత పద్యములు, అమ్మమ్మ పాడిన మంగళహారతి, పెండ్లిలో మ్రోగిన నాదస్వరము. వాటిని ఎక్కించిన కంప్యూటరు ఏనాడో చెడిపోయినది. మిగిలినది ఈ పెట్టె ఒక్కటే. దానిని వేరొక కంప్యూటరునకు తగిలించి తెరచి చూచినచో రెండు మూడు చిన్న ఫోల్డర్లు కనబడును గాని పాట ఒక్కటియు కనబడదు. యంత్రము తెరమీద మాత్రము వేయి పేర్లు వరుసగా కనబడుచునే ఉన్నవి!

పాటలు ఉన్నవా, లేవా? ఉన్నచో ఎక్కడ ఉన్నవి? ఎందుకు దాగినవి? వాటిని పోగొట్టుకొనకుండ బయటికి తీయుట ఎట్లు? ఈ ప్రశ్నలకు సమాధానము తెలియవలెనన్న పాట డిస్కుమీద ఎట్లు నిలిచియుండునో ముందుగా తెలిసికొనవలెను.

పాట సంఖ్యలుగా మారుట

గొంతునుండి వెలువడిన ధ్వని గాలిలో ఒత్తిడి హెచ్చుతగ్గులుగా వ్యాపించును. ఆ ఒత్తిడిని సెకనుకు 44,100 సారులు కొలిచి, ప్రతి కొలతను 16 బిట్ల సంఖ్యగా వ్రాసి, కుడి ఎడమలకు వేరువేరుగా ఉంచుట కాంపాక్టు డిస్కు పద్ధతి. ఈ లెక్కను గుణించి చూచినచో సెకనుకు 14,11,200 బిట్లు, అనగా 1,76,400 బైట్లు అగును. నాలుగు నిమిషముల పాటకు నాలుగు కోట్ల ఇరువది లక్షలకు పైగా బైట్లు కావలెను.

ఇంత భారము చిన్న యంత్రమునకు తగదు. కావున జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థ మున్నగు చోట్ల శాస్త్రజ్ఞులు ఒక ఉపాయము సాధించిరి. పెద్ద ధ్వని ప్రక్కనున్న సన్నని ధ్వనిని మన చెవి పట్టుకొనలేదు. పెండ్లి డోలు మ్రోగుచుండగా పక్కవాని గుసగుస వినబడదు గదా! అట్లు వినబడని భాగములకు తక్కువ బిట్లు కేటాయించినచో వినువానికి పెద్ద నష్టము తోచదు. దీనికే ఎమ్.పి.3 పద్ధతి అని పేరు. ఈ పద్ధతిలో సెకనుకు 1,28,000 బిట్లు, అనగా 16,000 బైట్లు వాడినచో నాలుగు నిమిషముల పాట 38,40,000 బైట్లలో ఇమిడిపోవును. మొదటి దానిలో ఇది పదునొకండవ వంతు మాత్రమే.

ఈ బైట్ల వరుసకే ఫైలు అని పేరు. వినువానికి అది పాట. డిస్కుకు మాత్రము పొడవైన సంఖ్యల దండ.

ఫోల్డరు సంచి కాదు, జాబితా

ఫోల్డరు అనగానే మనకు కాగితములు పెట్టుకొను అట్ట జ్ఞప్తికి వచ్చును. కంప్యూటరు తెరమీద బొమ్మ కూడ అట్లే ఉండును. పాటలు ఆ అట్టలో పెట్టియున్నవని తోచును. వాస్తవము వేరు.

డిస్కు అంతయు సమానమైన గళ్లుగా విభజింపబడియుండును. ఒక్కొక్క గడిని క్లస్టరు అందురు. గడి పరిమాణము 32,768 బైట్లు అనుకొందము. మన పాటకు 118 గళ్లు కావలెను. 117 గళ్లు పూర్తిగా నిండును. చివరి గడిలో 6,144 బైట్లు మాత్రమే చేరి, తక్కిన 26,624 బైట్ల చోటు వృథాగా ఉండును. ఒక పాటకు చెందిన గళ్లన్నియు ప్రక్కప్రక్కనే ఉండవలెనను నియమము లేదు. ఒక గడి తరువాత ఏ గడికి పోవలెనో చెప్పు పట్టిక డిస్కు మొదటి భాగములో ఉండును. చాల చిన్న యంత్రములలోను, మెమరీ కార్డులలోను, పెన్‌డ్రైవులలోను వాడు ఈ ఏర్పాటునకు ఫ్యాట్ అని పేరు.

ఐతే మొదటి గడి ఏదో తెలియుట ఎట్లు? ఇక్కడనే ఫోల్డరు పనికివచ్చును. ఫోల్డరు ఒక జాబితా. అందులో ప్రతి ఫైలునకు 32 బైట్ల పద్దు ఒకటి ఉండును. పేరునకు 11 బైట్లు, ఫైలు పొడవునకు 4 బైట్లు, తక్కిన వాటిలో తేదీ, వేళ, మొదటి గడి సంఖ్య, లక్షణములు తెలుపు బైటు ఒకటి. కరణముగారి భూముల పద్దులో పొలము ఉండదు; పొలము ఎక్కడ ఉన్నదో వ్రాసియుండును. ఫోల్డరును అట్టిదే.

దీనినుండి మూడు విషయములు తేలును. మొదటిది: ఒకే డిస్కులో పాటను ఒక ఫోల్డరునుండి మరియొక దానికి మార్చినప్పుడు పాట కదలదు. పద్దు మాత్రమే మారును. అందువలననే పెద్ద ఫైలు సైతము రెప్పపాటులో మారిపోవును. రెండవది: పాటను చెరిపినప్పుడు పద్దులోని మొదటి అక్షరము స్థానమున 229 అను గుర్తు వేసి, గళ్ల పట్టికలో ఆ గళ్లు ఖాళీయని వ్రాయుదురు. గళ్లలోని సంగీతము అక్కడనే ఉండును. వాటిపై క్రొత్త ఫైలు వ్రాసిన తరువాతనే అది నిజముగా పోవును. మూడవది: లక్షణముల బైటులో ఒక్క బిట్టును 1 గా మార్చినంతమాత్రముననే ఆ ఫైలు గాని ఫోల్డరు గాని సాధారణముగ చూచువారికి కనబడకుండ పోవును. ఐపాడ్‌లోని పాటలకు వేసిన ప్రధానమైన తెర ఈ ఒక్క బిట్టే!

మన ఊళ్లలో మొబైలు దుకాణమువారు చిప్పులోనో పెన్‌డ్రైవులోనో పాటలు నింపి ఇచ్చుట పరిపాటి. దానిని కారులో తగిలించినప్పుడు పాటలు అక్షరక్రమమున గాక మరియొక వరుసలో మ్రోగుట కొందరు చూచియుందురు. కొన్ని యంత్రములు పేర్లను అక్షరక్రమమున కూర్చుకొనవు. జాబితాలో పద్దులు ఏ వరుసలో ఉన్నవో ఆ వరుసలోనే చదువును. ఆ వరుస సాధారణముగ పాటలను ఎక్కించిన వరుసయే. కావున హరికథలోని భాగములు క్రమము తప్పక వినవలెనన్నచో వాటిని ఖాళీ ఫోల్డరులోనికి ఒకటి తరువాత ఒకటిగా ఎక్కించుట మేలు.

ఒక పాట, ఎన్ని చోట్లు?

ఇప్పుడు మరియొక చిక్కు. శ్రీరాగములోని త్యాగరాజ పంచరత్న కీర్తనను మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు పాడినది మనవద్ద ఉన్నదనుకొందము. దానిని ఏ ఫోల్డరులో పెట్టవలెను? ‘త్యాగరాజు’ అను దానిలోనా? ‘బాలమురళీకృష్ణ’ అను దానిలోనా? ‘శ్రీరాగము’ అను దానిలోనా? ‘పంచరత్నములు’ అను దానిలోనా? ఎక్కడ పెట్టినను తక్కిన మూడు మార్గములు మూసికొనిపోవును. అన్నింటిలోను పెట్టినచో నాలుగింతల చోటు కావలెను.

ఈ చిక్కు కంప్యూటరుతో పుట్టినది కాదు. గ్రంథాలయములు దీనిని ఏనాడో ఎదుర్కొన్నవి. ఆంధ్ర రైతుల పాటలను గూర్చిన పుస్తకమును వ్యవసాయములో ఉంచవలెనా, సంగీతములో ఉంచవలెనా? పుస్తకము ఒక అరలోనే ఉండగలదు. కాని దానికి చీటీలు ఎన్నైనను వ్రాయవచ్చును. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా పనిచేసిన ఎస్. ఆర్. రంగనాథన్‌గారు 1933లో తమ కోలన్ వర్గీకరణ పద్ధతిని ప్రకటించిరి. ఒక విషయమునకు ఒకే శాఖ గాక, పలు ముఖములు ఉండునని, వాటిని విడివిడిగా గుర్తించి కలుపవలెనని దాని సారాంశము. ఆయన మొదట గణితశాస్త్రోపన్యాసకులు కావుటచేత ఈ చూపు అలవడెనేమో!

ఫోల్డర్ల ఏర్పాటు చెట్టు వంటిది. మ్రానునుండి కొమ్మ, కొమ్మనుండి రెమ్మ, రెమ్మకు ఆకు. ఒక్కొక్క ఆకును చేరుటకు ఒకే త్రోవ. చీటీల ఏర్పాటు వేరు. గాయకుని పేరు అడిగినను, కర్త పేరు అడిగినను, రాగము అడిగినను అదే పాట చేతికి వచ్చును. చెట్టులో క్రమము కంటికి కనబడును, కాని త్రోవ ఒక్కటే. చీటీలలో త్రోవలు పెక్కు, కాని చీటీల పెట్టె తగులబడినచో ఏ పుస్తకము ఎక్కడ ఉన్నదో చెప్పువాడుండడు. ఈ రెండింటి గుణదోషములే సంగీత యంత్రముల కథ అంతయు.

ఐపాడ్ చేసికొన్న ఏర్పాటు

ఐపాడ్ చీటీల పద్ధతిని అవలంబించినది. దాని డిస్కుమీద ‘ఐపాడ్ కంట్రోల్’ అను ఫోల్డరు కనబడకుండ ఉండును. దానిలోపల ‘మ్యూజిక్’ అను ఫోల్డరు. అందులో ఎఫ్ 00, ఎఫ్ 01, ఎఫ్ 02 అని వరుస సంఖ్యలు గల అరలు. పెద్ద డిస్కులు గల యంత్రములలో ఈ అరలు ఎఫ్ 49 వరకు ఉండును. పాటలన్నియు ఈ అరలలో పంచిపెట్టబడియుండును. తరువాతి కాలపు యంత్రములలో పాటల ఫైళ్లకు అర్థము లేని నాలుగు ఇంగ్లీషు అక్షరముల పేర్లు పెట్టిరి. ఒకే సినిమాలోని ఆరు పాటలు ఆరు అరలలో చెదరి ఉండవచ్చును.

చూచుటకు ఇది చిందరవందరగా తోచును. కాని దీనిలో యుక్తి కలదు. ఫ్యాట్ జాబితాలో పేరు వెదకుట అనగా మొదటినుండి ఒక్కొక్క పద్దు చదువుకొనుచు పోవుటయే. వేయి పాటలు ఒకే జాబితాలో ఉన్నచో సగటున 500 పద్దులు చదువవలెను. 50 అరలలో పంచినచో అరకు 20. సగటున పది పద్దులు చదివిన చాలును. ఇక పేరుతో యంత్రమునకు పని లేదు. పుస్తకమునకు చేర్పు సంఖ్య వేసి ఆ వరుసలోనే అరలో పెట్టు గ్రంథాలయములు ఉన్నవి. అక్కడ అరలు చూచి పుస్తకము వెదకరాదు. చీటీలు చూచి వెదకవలెను.

ఆ చీటీల పెట్టెయే ‘ఐట్యూన్స్ డి.బి.’ అను ఫైలు. ఇది ‘ఐపాడ్ కంట్రోల్’లోని మరియొక ఫోల్డరులో ఉండును. పాట పేరు, గాయకుడు, ఆల్బము, నిడివి, దాని ఫైలు ఏ అరలో ఏ పేరుతో ఉన్నది అను వివరములన్నియు ఇందులో ఉండును. మనము కూర్చుకొన్న పాటల వరుసలును ఇందులోనివే. కంప్యూటరులోని ఐట్యూన్స్ ప్రోగ్రాము పాటలను ఎక్కించినప్పుడెల్ల ఈ పట్టికను వ్రాసిపెట్టును. యంత్రము దానిని చదువుకొనును.

పట్టిక ఏల కావలసి వచ్చినది? మొదటి ఐపాడ్‌లో తాత్కాలిక జ్ఞాపకశక్తి 32 మెగాబైట్లు. బ్యాటరీ చిన్నది. డిస్కు తిరిగినంతసేపు విద్యుత్తు ఖర్చగును. అందువలన రాబోవు ఇరువది నిమిషముల సంగీతమును ఒక్కసారి జ్ఞాపకములోనికి తీసికొని డిస్కును ఆపివేయుట దాని పద్ధతి. ప్రతి పాటయొక్క పేరు తెలిసికొనుటకు ఆ ఫైలును తెరువవలసి వచ్చినచో, ఒక్కొక్క దానికి సెకనులో ఇరువదవ వంతు పట్టుననుకొన్నను, వేయి పాటలకు 50 సెకనులు, పదివేల పాటలకు 8 నిమిషములకు పైగా డిస్కు తిరుగవలెను. పట్టిక ఒక్కటి చదివినచో ఆ శ్రమ తప్పును.

ఈ సౌకర్యమునకు చెల్లించిన మూల్యమేమో ఇప్పుడు తెలియును. పాటను చేతితో ఆ అరలలో పెట్టినను యంత్రమునకు అది ఉన్నట్లే తెలియదు. ఏలన దానికి చీటీ లేదు. అరలోని పాటను చేతితో తీసివేసినను చీటీ మిగిలియుండును. యంత్రము ఆ పేరు చూపును గాని పాడలేక తరువాతి దానికి పోవును. 2007 సెప్టెంబరులో వచ్చిన కొన్ని యంత్రములనుండి పట్టికకు ఒక సరిచూచు సంఖ్యను గూడ చేర్చిరి. అది సరిపోనిచో, పాటలన్నియు డిస్కుమీద ఉన్నను, యంత్రము తనలో పాటలు లేవనియే చెప్పును.

పాటకు కట్టిన చీటీ

అదృష్టవశమున చీటీలు పెట్టెలో మాత్రమే గాక పాటల ఒంటిమీద గూడ ఉండును. 1996లో ఎరిక్ కెంప్ అనునతడు ఎమ్.పి.3 ఫైలు చివర 128 బైట్ల చీటీని అతికించు పద్ధతిని కనిపెట్టెను. దీనిని ఐ.డి.3 అందురు. గుర్తుకు 3 బైట్లు, పాట పేరునకు 30, గాయకునకు 30, ఆల్బమునకు 30, సంవత్సరమునకు 4, వ్యాఖ్యకు 30, సంగీత జాతికి 1. కూడి చూడుడు: 128. ఫైలు పేరు ఎట్లు మారినను ఈ చీటీ మారదు. రాములు అను పేరుగల బాలుని రికార్డులో సోములు అని తప్పుగా వ్రాసినను వాని మెడలోని తాయెత్తు మారదు గదా!

1998లో దీని రెండవ రూపము వచ్చినది. ఈ చీటీ ఫైలు మొదటనే ఉండును. ముప్పది అక్షరముల కట్టడి లేదు; బొమ్మను గూడ చేర్చవచ్చును.

తెలుగువారికి ఇక్కడ ఒక ముఖ్యవిషయము. పాత చీటీలో ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క బైటు. అందులో రోమను లిపికి తావు గాని తెలుగునకు తావు లేదు. యూనికోడ్ పద్ధతిలో ‘త్యాగరాజు’ అను పేరునకు త, పొల్లు గుర్తు, య, దీర్ఘము, గ, ర, దీర్ఘము, జ, కొమ్ము అని తొమ్మిది సంకేతములు. యు.టి.ఎఫ్.-8 అను వ్రాతలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు 3 బైట్లు, మొత్తము 27. అనగా పాత చీటీలోని 30 బైట్ల గడి ఒక్క పేరుతోనే నిండిపోవును. రెండవ రూపము వచ్చిన పిదప తెలుగు పేర్లు నిరాటంకముగ వ్రాయుటకు వీలైనది. ఐనను, తెలుగు అక్షరముల అచ్చు లేని యంత్రములు వాటిని చదువలేక డబ్బాలుగనో ప్రశ్నార్థకములుగనో చూపును. అట్లు కనబడినంతమాత్రమున పేరు చెడిపోయినదని భావింపరాదు. కంప్యూటరులో తెరచినచో సరిగానే కనబడవచ్చును.

ఫైలు పేరునకు గూడ ఇట్టి కథయే కలదు. 11 బైట్ల పద్దులో తెలుగు పట్టదు. 1995నుండి పొడవైన పేర్లకు అదనపు పద్దులు వాడుచున్నారు. ఒక్కొక్క అదనపు పద్దులో 13 సంకేతములు పట్టును. ‘త్యాగరాజు’ తొమ్మిది, చుక్కతో గూడిన ‘ఎమ్.పి.3’ తోక నాలుగు, వెరసి పదమూడు. ఆ పేరు సరిగ్గా ఒక అదనపు పద్దులో అమరిపోవును!

ఐతే అన్ని ఫైళ్లకును చీటీ ఉండదు. ఇంటిలో మైకుతో ముద్రించిన గొంతులను తరచుగా ‘వేవ్’ అను రూపములో దాచుదురు. ఐట్యూన్స్ ఆ రూపపు ఫైళ్లలో పేరును వ్రాయదు. తన పట్టికలో మాత్రమే వ్రాసికొనును. అనగా అమ్మమ్మ మంగళహారతి వేవ్ రూపములో ఉన్నచో, అరలో దాని పేరు నాలుగు అర్థము లేని అక్షరములు. ఒంటిమీద చీటీ లేదు. ‘అమ్మమ్మ’ అను మాట ఐట్యూన్స్ డి.బి.లో తప్ప ఆ యంత్రములో మరెక్కడను లేదు. బజారు పాట పోయినచో మరల కొనవచ్చును. దీనిని కొనలేము. అందుచేతనే పాటలతోబాటు పట్టికను గూడ భద్రపరుపవలెను.

తలుపు తీయు రెండు విధములు

అన్ని యంత్రములును ఐపాడ్ మార్గమును పట్టలేదు. ఫ్రాన్సు దేశపు ఆర్కోస్ కంపెనీ యంత్రములు మొదటినుండి ఫోల్డర్లనే తెరమీద చూపెడివి. కంప్యూటరులో ఎట్లు అమర్చినామో యంత్రములో అట్లే కనబడును. ఏ ప్రత్యేక ప్రోగ్రామును అక్కరలేదు. ఆ యంత్రములకై 2001 చివరలో స్వీడన్ దేశమున కొందరు ఔత్సాహికులు ‘రాక్‌బాక్స్’ అను ప్రోగ్రామును వ్రాయుటకు పూనుకొనిరి. తరువాత అది పెక్కు ఐపాడ్‌లలో గూడ పనిచేయునట్లు చేసిరి. ఫోల్డర్ల చెట్టును, చీటీల పట్టికను రెండింటిని అది చూపగలదు.

కంప్యూటరునకు తగిలించుటలో గూడ రెండు విధములు కలవు. ఒక విధములో యంత్రము తన డిస్కును గళ్లతో సహా కంప్యూటరు చేతికి అప్పగించును. ఇంటి తాళపుచెవిని అతిథికి ఇచ్చి యజమాని అరుగుమీద కూర్చున్నట్లు! ఆ సమయములో యంత్రము తానుగా పాటలు పాడలేదు. ఇద్దరు ఒకే పద్దులను వ్రాసినచో అవి చెడిపోవును గదా. కంప్యూటరు కొన్ని వ్రాతలను తన వద్ద ఉంచుకొని తరువాత వ్రాయును. కావున ‘ఎజెక్టు’ చేయక తీగ లాగివేసినచో పద్దు సగములో నిలిచిపోయి పాటలు పోవుట కలదు.

రెండవ విధములో యంత్రము తాళపుచెవిని ఈయదు. కంప్యూటరు ఫలానా పాట కావలెనని అడిగిన, తానే తీసి ఇచ్చును. మైక్రోసాఫ్టువారు 2004లో తెచ్చిన ఈ పద్ధతిని ఎమ్.టి.పి. అందురు. 2011నుండి ఆండ్రాయిడ్ ఫోనులు క్రమముగా ఈ పద్ధతికి మారినవి. ఇందులో తెరమీద కనబడు ఫోల్డర్లు యంత్రము మనకు చూపు రూపము. డిస్కుమీది అసలు గళ్లు మనకు అందవు. ఇందు పద్దులు చెడు భయము తక్కువ. చెరిపిన పాటను గళ్లలో వెదకి తీయుట మాత్రము కష్టము.

పాటలను బయటికి తీయు విధము

ఇంతవరకు చెప్పినదానిని బట్టి పాత ఐపాడ్‌లోని పాటలను కాపాడుకొను క్రమము తేలికగా బోధపడును.

మొదటిది, తొందరపడి దేనికిని ‘సరే’ అనరాదు. వేరొక కంప్యూటరులో ఐట్యూన్స్ ఉన్నచో, ఈ ఐపాడ్ మరియొక పాటల భాండారమునకు చెందినది, దీనిని చెరిపి క్రొత్తగా నింపుదునా అని అడుగును. ‘ఔను’ అన్నచో పాత పాటలన్నియు పోవును. వలదని చెప్పవలెను. ఐట్యూన్స్ లేని విండోసు కంప్యూటరును వాడుట మరింత క్షేమము. అట్లే మ్యాక్ పద్ధతిలో సిద్ధపరచిన ఐపాడ్‌ను విండోసు చదువలేక, ఫార్మాటు చేయుదునా అని అడుగును. దానికిని వలదనియే చెప్పి, దానిని మ్యాక్ కంప్యూటరులో తెరువవలెను.

రెండవది, దాగిన ఫైళ్లను చూపుమని కంప్యూటరునకు చెప్పవలెను. విండోసులో ఫోల్డరు తెరచినప్పుడు ‘వ్యూ’ అను చోట ‘హిడెన్ ఐటమ్స్’ అను మాట కలదు. దానిని ఎన్నుకొనగనే ‘ఐపాడ్ కంట్రోల్’ ప్రత్యక్షమగును. ఒక్క బిట్టు వేసిన తెర తొలగినది!

మూడవది, ఆ ఫోల్డరును మొత్తముగా, పాటల అరలతోను, పట్టికతోను కూడ, కంప్యూటరులోనికి నకలు చేయవలెను. నకలు చేయవలెను గాని తరలింపరాదు. ఐపాడ్‌లోని దానిని ముట్టుకొనరాదు. ఆ పిదప నకలును మరియొక డిస్కులో గూడ ఉంచుట మంచిది. పాత హార్డు డిస్కులు తిరిగితిరిగి అరిగినవి. ఏ రోజు ఆగునో చెప్పలేము. కావున ముందు నకలు, తరువాత సర్దుబాటు.

నాలుగవది, నకలులోని ఫైళ్లను చీటీలు చదువగల ప్రోగ్రాముతో తెరువవలెను. అవి ఐ.డి.3 చీటీని చదివి, గాయకుడు, ఆల్బము, పాట అను వరుసలో పేర్లు మార్చి ఫోల్డర్లలో సర్దిపెట్టును. చీటీ లేనివి మిగులును. వాటిని ఒక్కొక్కటిగా విని పేరు పెట్టవలెను. ఐపాడ్ తెరమీద ఆ పేరు ఇంకను కనబడుచున్నచో నిడివిని పోల్చి చూచి గుర్తింపవచ్చును. 2009కి పూర్వము ఆపిల్ దుకాణములో కొన్న కొన్ని పాటలకు తాళము వేసియుండును. అవి నకలైనను, కొన్నవారి ఖాతా లేనిదే మ్రోగవు.

చివరిది, ఇంటివారి గొంతులకు తగిన పేరు అప్పుడే పెట్టవలెను. ఎవరు పాడినది, ఏ ఊరిలో, ఏ సంవత్సరములో అని ఫైలు పేరులోనే వ్రాసిపెట్టుడు. తెలుగులోనే వ్రాయవచ్చును. యంత్రములు మారును, ప్రోగ్రాములు మారును, కంపెనీలు తమ పట్టికల తీరు మార్చుకొనును. కాని సాదాసీదా ఫైలు, దానికొక అర్థవంతమైన పేరు, ఒక ఫోల్డరు, ఈ మూడును దాదాపు ఏ కంప్యూటరైనను చదువగలదు.

చీటీల పద్ధతి వెదకుటకు గొప్ప సౌకర్యము. ఫోల్డర్ల పద్ధతి దాచుటకు గొప్ప భరోసా. వినుటకు ఏ యంత్రము నచ్చిన దానిని వాడవచ్చును. దాచవలసినదానిని మాత్రము మన కంటికి కనబడు పేరుతో, మన చేతికి అందు అరలో, రెండు చోట్ల దాచుకొనవలెను. సొరుగులోని ఆ పాత పెట్టె ఇంకను పలుకుచుండగనే ఈ పని చేయుట మేలు.